పబ్లిక్ యూనివర్సిటీలో ఇన్ని రకాల రీసెర్చ్ ఎందుకంటే

పబ్లిక్ యూనివర్సిటీల థీసిస్ లిస్టులు చదవడం నాకు చాలా ఇష్టం. ఏదో ఒక యూనివర్సిటీ రిపాజిటరీ (థీసిస్‌లన్నీ దాచిపెట్టే వెబ్‌సైట్) ఓపెన్ చేసి, ఒక సంవత్సరం సెలెక్ట్ చేసుకుని, పేర్లన్నీ వరసగా కిందికి చదువుకుంటూ పోతా. వంతెనల కాంక్రీట్‌లో పగుళ్లు, పక్కనే ఎప్పటివో పన్నుల రికార్డులు, దాని కింద పేడపురుగుల నడక, ఆ కింద నెలలు నిండకుండా పుట్టిన పిల్లల ఊపిరితిత్తులు, ఇంకాస్త కిందికి పోతే ఎవరూ పట్టించుకోని ఒక భాషలో క్రియారూపాలు. ఇంతమంది మనుషులు ఇన్ని వేరువేరు విషయాల మీద ఏళ్లకేళ్లు కూర్చున్నారన్న సంగతే నాకు గొప్పగా అనిపిస్తుంది. కానీ ఇదే లిస్టు చూపించి కోప్పడేవాళ్లు కూడా చాలామందే ఉన్నారు, జనం కట్టిన ట్యాక్సులతో పేడపురుగుల మీద పీహెచ్‌డీ ఏంటి, పనికొచ్చే నాలుగు సబ్జెక్టులు ఉంచి మిగతావి మూసేయొచ్చు కదా అని. వాళ్లతో మాట్లాడాలనే ఇది రాస్తున్నా.

(పేడపురుగుల సంగతి ముందే చెప్పేస్తా. అవి రాత్రిపూట పేడ ఉండని దొర్లించుకుంటూ తిన్నగా ఎలా పోతాయి అని దక్షిణాఫ్రికాలో విట్స్ యూనివర్సిటీ వాళ్లు, స్వీడన్‌లో లుండ్ యూనివర్సిటీ వాళ్లు కలిసి చూస్తే, చంద్రుడు లేని రాత్రుల్లో పాలపుంత వెలుగు పట్టుకుని దారి చూసుకుంటాయని 2013లో తేలింది. రెండూ పబ్లిక్ యూనివర్సిటీలే. అంత చిన్న పురుగు ఆకాశం చూసి నడుస్తుందని తెలుసుకోవడం దండగ అని నేనైతే అనలేను.)

ఈ కోపం కొత్తదేం కాదు. అమెరికాలో విలియం ప్రాక్స్‌మైర్ అనే సెనేటర్ 1975లో గోల్డెన్ ఫ్లీస్ అని ఒక అవార్డు పెట్టాడు, ప్రభుత్వ డబ్బు దుబారా చేస్తున్నారని తను అనుకున్నవాళ్లని నెలనెలా అందరి ముందూ నిలబెట్టడానికి. మొట్టమొదటిది దేనికిచ్చాడంటే, మనుషులు ప్రేమలో ఎందుకు పడతారో స్టడీ చేయడానికి నేషనల్ సైన్స్ ఫౌండేషన్ ఇచ్చిన 84 వేల డాలర్ల గ్రాంటుకి. ఆ పని చేస్తున్న ఇద్దరు ఆడవాళ్లు, మిన్నెసోటా యూనివర్సిటీలో ఎలెన్ బెర్షీడ్, విస్కాన్సిన్ యూనివర్సిటీలో ఎలైన్ హాట్‌ఫీల్డ్, ఇద్దరూ సైకాలజిస్టులే. మనుషుల మధ్య బంధాలు ఎలా ఏర్పడతాయి, ఎలా తెగిపోతాయి అన్నది తర్వాత సైకాలజీలో పెద్ద శాఖ అయింది, ఆ శాఖకి పునాది వేసినవాళ్లలో ఈ ఇద్దరూ ఉన్నారు. ఇంటింటికీ సంబంధించిన విషయం అది. అయినా పేపర్లో ఒక లైన్‌గా చదివితే ఎవరికైనా దండగలాగే కనిపిస్తుంది, అదే అసలు సమస్య. ఒక్క లైన్‌లో చెప్తే ప్రపంచంలో సగం రీసెర్చ్ వింతగానే ఉంటుంది.

మిచిగన్ స్టేట్ యూనివర్సిటీ ఒక్కదాన్నే తీసుకుందాం. 1879లో, అది ఇంకా వ్యవసాయ కాలేజీగా ఉన్నప్పుడు, విలియం బీల్ అనే బాటనీ ప్రొఫెసర్ ఇరవై సీసాల్లో ఇసుక నింపి, ఒక్కోదాంట్లో ఇరవైకి పైగా రకాల మొక్కల విత్తనాలు రకానికి యాభై చొప్పున కలిపి, క్యాంపస్‌లోనే ఒక చోట పాతిపెట్టాడు. రైతులు అడిగే ప్రశ్నే ఆయన్ని ఆ పనికి దింపింది: ఎంత పీకినా కలుపు మళ్లీ మళ్లీ వస్తూనే ఉంది, అసలు ఆ విత్తనం మట్టిలో ఎన్నేళ్లు బతికుంటుంది? మొదట్లో ఐదేళ్లకోసారి ఒక సీసా తీసి మొలకెత్తించి చూసేవాళ్లు, తర్వాత ఆ గడువు పదేళ్లు చేశారు, ఆ తర్వాత ఇరవై. బీల్ 1924లో చనిపోయాడు. ఎక్కడ పాతాడో చెప్పే మ్యాపు ఒక ప్రొఫెసర్ చేతి నుంచి ఇంకో ప్రొఫెసర్ చేతికి మారుతూ వస్తోంది. 2020లో తీయాల్సిన సీసా కోవిడ్ వల్ల ఆగి 2021 ఏప్రిల్‌లో తీశారు, అది కూడా తెల్లవారకముందే చీకట్లో, ఎందుకంటే వెలుతురు సోకితే కొన్ని విత్తనాలు ముందే మేల్కొంటాయి, లెక్క తప్పుతుంది. 142 ఏళ్ల తర్వాత కూడా కొన్ని మొలిచాయి! ఇంకా నాలుగు సీసాలు మట్టిలోనే ఉన్నాయి, ఆఖరిది 2100లో తీస్తారు. ఏ కంపెనీ పెట్టుకుంటుంది చెప్పండి ఇలాంటి ప్రాజెక్టు? మొదలుపెట్టినవాడి మనవడు కూడా ఫలితం చూడలేని పనికి జీతం ఇచ్చే సంస్థ ఇంకేదైనా ఉందా?

అదే యూనివర్సిటీలో 1960లలో బార్నెట్ రోజెన్‌బర్గ్ అనే ఆయన బ్యాక్టీరియాకి కరెంట్ పెడితే కణాల విభజన ఏమవుతుందో చూద్దామని ప్లాటినమ్ ఎలక్ట్రోడ్లు పెట్టి చూశాడు. బ్యాక్టీరియా విడిపోవడం మానేసి దారాల్లా సాగిపోయింది. చివరికి తేలిందేంటంటే కరెంట్‌కి ఏ సంబంధమూ లేదు, ఎలక్ట్రోడ్ల నుంచి కరిగిన ప్లాటినమ్ సమ్మేళనం విభజనని ఆపేస్తోంది. అదే సిస్‌ప్లాటిన్, 1978లో అమెరికాలో క్యాన్సర్ మందుగా అనుమతి వచ్చింది, వృషణాల క్యాన్సర్ ఒంట్లో పాకిపోయినా నయమయ్యే జబ్బుగా మారిందంటే దీని వల్లే. అక్కడే ఇంకో ల్యాబ్‌లో రిచర్డ్ లెన్స్కీ పన్నెండు సీసాల్లో ఈ.కోలై బ్యాక్టీరియాని రోజూ కొత్త ద్రావణంలోకి మారుస్తూ పరిణామం కళ్ల ముందే ఎలా జరుగుతుందో దశాబ్దాల పాటు చూశాడు. 1988లో కాలిఫోర్నియా యూనివర్సిటీ అర్వైన్ క్యాంపస్‌లో మొదలై, మిచిగన్ స్టేట్‌కి వచ్చి, 2022లో టెక్సస్ యూనివర్సిటీ ఆస్టిన్‌కి మారింది ఆ ప్రయోగం, మూడూ పబ్లిక్ యూనివర్సిటీలే. 70 వేల తరాలు దాటిపోయింది, ఇంకా నడుస్తోంది.

ఇక్కడ సాధారణంగా మా వైపు వాళ్లు ఒక వాదన చేస్తారు: చూశారా, పనికిరాదనుకున్నదే చివరికి పనికొచ్చింది, కాబట్టి దేన్నీ తక్కువ చేయొద్దు అని. సిస్‌ప్లాటిన్ కథ దానికి బాగా సరిపోతుంది. పీసీఆర్ (కాస్తంత డీఎన్‌ఏని కోట్ల కాపీలుగా చేసే పద్ధతి) కథ ఇంకా బాగా సరిపోతుంది, ఇండియానా యూనివర్సిటీలో థామస్ బ్రాక్ ఎల్లోస్టోన్ వేడినీటి బుగ్గల్లో ఏవైనా బతుకుతాయా అని వెతికి, తన స్టూడెంట్‌తో కలిసి 1969లో ఒక కొత్త బ్యాక్టీరియా గురించి పేపర్ రాశాడు. 1976లో సిన్సినాటి యూనివర్సిటీలో ఆలిస్ చియెన్ అనే మాస్టర్స్ స్టూడెంట్, ఆమె తోటివాళ్లు కలిసి ఆ బ్యాక్టీరియా నుంచి వేడికి చెడిపోని ఒక ఎంజైమ్‌ని వేరుచేశారు. తర్వాత పీసీఆర్ టెక్నాలజీ నిలబడింది ఆ ఎంజైమ్ మీదే, కోవిడ్ టైమ్‌లో ముక్కులో పుల్ల పెట్టించుకున్న ప్రతివాళ్లకీ ఆ పేరు తెలుసు. ఒక మాస్టర్స్ స్టూడెంట్ పని అది! నిజంగానే గొప్ప కథ.

కానీ ఆ వాదన మీద మాత్రమే ఆధారపడడం నాకు నచ్చదు, దాంట్లో ప్రమాదం ఉంది కూడా. ఎందుకంటే అప్పుడు మనం కూడా ఒప్పేసుకున్నట్టే, రీసెర్చ్‌కి విలువ మందో మెషీనో అయినప్పుడే అని. సిస్‌ప్లాటిన్ కాని వందల ప్రయోగాల సంగతేంటి మరి? అదే సిన్సినాటి యూనివర్సిటీ తరఫున కార్ల్ బ్లెగెన్ 1939లో గ్రీస్‌లోని పైలోస్ దగ్గర తవ్వితే వందల మట్టి పలకలు దొరికాయి, వాటి మీద లీనియర్ బీ అనే లిపి, అప్పటికి ఎవరూ చదవలేనిది. యుద్ధం వచ్చింది, పలకలు ఏథెన్స్‌లో బ్యాంకు లాకర్‌లో ఉండిపోయాయి. బ్లెగెన్ స్టూడెంట్ ఎమెట్ బెనెట్ ఆ గుర్తులన్నీ ఓపిగ్గా పోల్చి, వర్గీకరించి 1951లో పబ్లిష్ చేశాడు, మరుసటి ఏడాదే మైకేల్ వెంట్రిస్ అనే ఆర్కిటెక్ట్ ఆ లిపిని ఛేదించాడు, అది గ్రీకు భాషే అని తేలింది. గొర్రెల లెక్కలు, నూనె లెక్కలు, పనివాళ్లకి కొలిచి ఇచ్చిన ధాన్యం లెక్కలు. దీంతో ఏ జబ్బూ నయం కాదు. మూడు వేల ఏళ్ల కింద ఒక గుమాస్తా తడిమట్టి మీద గీసుకున్న లెక్క ఇప్పుడు మనం చదవగలుగుతున్నాం, అంతే. ఎంజైమ్ కథ చెప్పి సిన్సినాటిని మెచ్చుకుని, పైలోస్ కథ దగ్గరికి వచ్చేసరికి నీళ్లు నమిలితే అది నిజాయితీ కాదు.

నేను చెప్పేది వేరే. పబ్లిక్ అంటే ఒక్క రకం మనుషులు కాదు కాబట్టి వాళ్ల ప్రశ్నలూ ఒక్క రకంగా ఉండవు. రైతుకి ఒక ప్రశ్న, రోగికి ఒక ప్రశ్న, చచ్చిపోతున్న భాష తాలూకు ఆఖరి తరానికి ఇంకో ప్రశ్న, రాత్రిపూట నక్షత్రాలు చూసే పిల్లకి మరో ప్రశ్న. వీళ్లందరి డబ్బుతో నడుస్తోంది యూనివర్సిటీ. వాటిలో డబ్బు తెచ్చిపెట్టే ప్రశ్నలకి ఎలాగూ ఎవరో ఒకరు ఉంటారు, మిగతా ప్రశ్నలు పట్టుకుని ఇంకెక్కడికి పోవాలి? అందుకే పబ్లిక్ యూనివర్సిటీ రీసెర్చ్ చెల్లాచెదురుగా కనిపిస్తుంది, కనిపించాలి కూడా, అది జనం ఎన్ని రకాలుగా ఉన్నారో అన్ని రకాలుగా ఉండాల్సిన పని. ఆ వెడల్పు తగ్గించడమంటే కొంతమంది జనాన్ని మీ ప్రశ్న మాకొద్దు పొమ్మనడం.

1933 ఫిబ్రవరిలో ఎడ్ కార్ల్‌సన్ అనే పాల రైతు మంచు తుఫానులో 300 కిలోమీటర్ల దాకా ట్రక్ నడుపుకుంటూ విస్కాన్సిన్ రాష్ట్ర రాజధాని మ్యాడిసన్ వచ్చాడు. ఆయన ఆవులు ఒంట్లో రక్తం గడ్డకట్టక ఒకదాని తర్వాత ఒకటి చచ్చిపోతున్నాయి. ట్రక్‌లో చచ్చిన పెయ్య, పాల క్యాను నిండా గడ్డకట్టని రక్తం, బూజుపట్టిన స్వీట్ క్లోవర్ గడ్డి. ఆయన వెళ్లాలనుకున్నది రాష్ట్ర పశువైద్యుడి ఆఫీసుకి, శనివారం కావడంతో అది మూసేసి ఉంది. తెరిచి ఉన్నది విస్కాన్సిన్ యూనివర్సిటీ బయోకెమిస్ట్రీ బిల్డింగ్, అక్కడ దొరికినవాడు కార్ల్ పాల్ లింక్ అనే కెమిస్ట్. ఆ రోజు లింక్ దగ్గర మందేమీ లేదు, ఆ గడ్డి పెట్టడం ఆపమని చెప్పడం తప్ప ఏం చేయలేకపోయాడు, రైతు అలాగే వెనక్కి వెళ్లాడు. కానీ ఆ క్యాను అక్కడే ఉండిపోయింది. బూజుగడ్డి వల్లే ఈ జబ్బు వస్తోందని 1920లలోనే ఒంటారియోలో ఫ్రాంక్ స్కోఫీల్డ్ అనే పశువైద్య పాథాలజిస్టు కనిపెట్టి ఉన్నాడు, గడ్డిలో ఏ పదార్థం అన్నది మాత్రం ఎవరికీ తెలీదు. లింక్, ఆయన స్టూడెంట్లు ఆరేళ్లు దాని వెంట పడి 1939లో ఆ పదార్థాన్ని స్ఫటికాలుగా పట్టుకున్నారు. అదే దారిలో వచ్చింది వార్ఫరిన్, 1948లో ఎలుకల మందుగా, 1954 నుంచి మనుషులకి రక్తం గడ్డకట్టకుండా వాడే మందుగా. గుండెలో మెటల్ వాల్వు పెట్టించుకున్నవాళ్లు ఇవాళ్టికీ మింగుతున్న బిళ్ల అది.

ఈ కథలో అందరూ మందు గురించే మాట్లాడతారు, నాకు మాత్రం తలుపు తెరిచి ఉండడమే ముఖ్యంగా కనిపిస్తుంది. తలుపు ఊరికే తెరిచి లేదు. 1887లో వచ్చిన హ్యాచ్ చట్టం ప్రతి రాష్ట్రంలో వ్యవసాయ కాలేజీకి అనుబంధంగా ఒక ప్రయోగ కేంద్రం పెట్టడానికి డబ్బు ఇచ్చింది, రైతు సమస్య యూనివర్సిటీ సమస్య అయింది. అదే విస్కాన్సిన్‌లో 1890లో స్టీఫెన్ బాబ్‌కాక్ పాలల్లో వెన్న శాతం ఎంతో తేలిగ్గా కొలిచే పరీక్ష కనిపెట్టి, పేటెంట్ తీసుకోకుండా అందరికీ వదిలేశాడు. అప్పటిదాకా పాలల్లో నీళ్లు కలిపేవాడికీ కలపనివాడికీ ఒకే రేటు వచ్చేది. మందు కాదు, మెషీన్ కూడా పెద్దదేం కాదు, అమ్మేవాడూ కొనేవాడూ ఇద్దరూ నమ్మే ఒక కొలత.

రైతు ఒక్కడే కాదు ఆ తలుపు దగ్గరికి వచ్చేది. మయామియా అని అమెరికాలో ఒక ఆదివాసీ జాతి ఉంది, వాళ్లని ఉన్న నేల నుంచి తరిమేశారు, పిల్లల్ని బోర్డింగ్ స్కూళ్లలో వేసి భాష మాట్లాడనివ్వలేదు, 1960లకి వచ్చేసరికి పుట్టుకతో ఆ భాష మాట్లాడేవాళ్లు ఎవరూ మిగల్లేదు. మిగిలినవల్లా పాత మిషనరీల రాతప్రతులు, భాషావేత్తల నోట్సులు. డేవిడ్ కోస్టా అనే స్టూడెంట్ కాలిఫోర్నియా యూనివర్సిటీ బర్క్‌లీ క్యాంపస్‌లో వాటిని అన్నీ పోగేసి, ఆ భాష వ్యాకరణాన్ని తిరిగి నిలబెట్టి 1994లో పీహెచ్‌డీ చేశాడు. మాట్లాడేవాడే లేని భాష మీద థీసిస్! దండగ అనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు ఎవరికీ. ఆ జాతికే చెందిన డారిల్ బాల్డ్‌విన్ అలాంటి పని ఆధారంగా ఆ భాష తను నేర్చుకుని, భార్యతో కలిసి పిల్లలకి ఇంట్లో నేర్పాడు. 2001లో ఒహాయోలో మయామి యూనివర్సిటీ, అది కూడా పబ్లిక్ యూనివర్సిటీనే, ఆ జాతితో కలిసి ఒక ప్రాజెక్టు మొదలుపెట్టింది, ఇప్పుడది మయామియా సెంటర్. ఇప్పుడు ఆ భాషలో పలకరించుకునే పిల్లలున్నారు. ఆ థీసిస్‌ని ఎంతమంది చదివారు, ఎన్ని సైటేషన్లు (వేరే పేపర్లలో దాని ప్రస్తావనలు) వచ్చాయి అని కొలిస్తే ఏం తెలుస్తుంది? ఆ పిల్లలు ఏ సైటేషన్ లెక్కలోకీ రారు.

ఇప్పుడు వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీ గురించి చెప్పాలి, ఇది తలచుకుంటే నాకు బాధేస్తుంది. 2013లో అక్కడి ఇంజినీరింగ్ ల్యాబ్ వాళ్లు లక్ష డాలర్లు కూడా లేని ఒక చిన్న కాంట్రాక్టు మీద డీజిల్ కార్లని ల్యాబ్‌లో కాకుండా రోడ్డు మీద నడుపుతూ పొగ కొలిచారు. వాళ్లకి ఆ పని అప్పజెప్పినవాళ్లు అమెరికాలో డీజిల్ కార్లు శుభ్రంగా ఉన్నాయని చూపించొచ్చు అనుకున్నారు. తీరా చూస్తే ఒక ఫోక్స్‌వ్యాగన్ కారు నైట్రోజన్ ఆక్సైడ్లు పరిమితికి 15 నుంచి 35 రెట్లు వదులుతోంది. 2015లో కంపెనీ ఒప్పుకుంది, టెస్టు జరుగుతున్నప్పుడు పసిగట్టి పొగ తగ్గించే సాఫ్ట్‌వేర్ పెట్టామని, ప్రపంచవ్యాప్తంగా కోటీ పది లక్షల కార్లలో. ప్రపంచంలోకెల్లా పెద్ద కార్ల కంపెనీల్లో ఒకదాని అబద్ధాన్ని బయటికి లాగింది ఒక రాష్ట్ర యూనివర్సిటీ, ఎందుకంటే కొలిచి ఉన్నది ఉన్నట్టు చెప్తే వాళ్లకి పోయేదేమీ లేదు.

అదే యూనివర్సిటీ 2023లో నాలుగున్నర కోట్ల డాలర్ల లోటు ఉందని 28 మేజర్లు (డిగ్రీ కోర్సులు), 143 ఫ్యాకల్టీ పోస్టులు తీసేసింది. విదేశీ భాషల డిగ్రీలు పోయాయి, మ్యాథ్స్‌లో మాస్టర్స్, పీహెచ్‌డీ కూడా పోయాయి. లోటు నిజమే అయ్యుండొచ్చు, డబ్బు లేనప్పుడు ఏదో ఒకటి తగ్గించాల్సిందే, కాదనను. కానీ ఏది తగ్గించాలో ఎలా నిర్ణయిస్తారు అన్నదే నా ప్రశ్న. ఎంతమంది చేరుతున్నారు, గ్రాంట్లు ఎంత తెస్తున్నారు అని చూస్తే భాషలు, చరిత్ర, ప్యూర్ మ్యాథ్స్ ఎప్పుడూ ఓడిపోతాయి, ఎందుకంటే వాటికి అయ్యే ఖర్చే తక్కువ కాబట్టి అవి తెచ్చే గ్రాంటూ తక్కువే. తక్కువ ఖర్చుతో పని చేయడమే వాటి నేరం అయిపోతోంది. పైగా ఒకసారి డిపార్ట్‌మెంట్ మూసేశాక మళ్లీ తెరవడం అంత ఈజీ కాదు, ఆ పుస్తకాలు, ఆ టేపులు, వాటిని చదవగలిగిన మనిషి, ఆ మనిషి దగ్గర నేర్చుకునే స్టూడెంట్, ఈ వరస ఒక్కచోట తెగితే చాలు. బీల్ మ్యాపుని అందుకునే ప్రొఫెసర్ ఒక్క తరంలో లేకపోయుంటే ఆ సీసాలు ఎక్కడున్నాయో కూడా ఎవరికీ తెలిసేది కాదు.

దీనికి బలమైన ఎదురుమాట ఒకటుంది, దాన్ని దాటేసి పోను. ఇంత వెడల్పు ఉంటే దాంట్లో చెత్త కూడా ఉంటుంది కదా అంటారు. ఉంటుంది. చాలా థీసిస్‌లు బాగుండవు, ముందే తెలిసినదాన్ని మళ్లీ చెప్పేవి ఉన్నాయి, ప్రమోషన్ కోసం రాసినవి ఉన్నాయి, పక్కవాడిది ఎత్తి రాసినవి ఉన్నాయి. చదివేవాడిగా నాకు కోపం తెప్పించేవి అవే. కానీ చెత్త ఎవరూ పట్టించుకోని సబ్జెక్టుల్లోనే ఉంటుందనుకోవడం తప్పు, డబ్బూ పేరూ ఎక్కడ ఎక్కువ ఉంటే అక్కడికే దొంగసరుకు ఎక్కువ చేరుతుంది. హిందావి అనే పబ్లిషర్ 2023 ఒక్క ఏడాదిలో 8 వేలకి పైగా పేపర్లు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది, వాటిలో కంప్యూటర్లు, డేటా, మెడిసిన్ లాంటి వేడి వేడి టాపిక్కులే చాలా ఉన్నాయి. పేపర్లు లెక్కపెట్టి ఉద్యోగం ఇస్తే లెక్క కోసమే రాస్తారు, ఇందులో ఆశ్చర్యం ఏముంది. దానికి మందు చదవడం. గైడ్ నిజంగా చదవాలి, ఎగ్జామినర్ నిజంగా చదవాలి, డీన్ సైటేషన్ నంబర్ చూసే బదులు ఒక్క చాప్టర్ అయినా చదవాలి. సబ్జెక్టులు మూసేస్తే మిగిలిన సబ్జెక్టుల్లో చెత్త తగ్గదు.

యూనివర్సిటీలని కూడా ఒక మాట అనాలి. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకున్నట్టు, యాభై ఏళ్ల కిందటి ఒక్క డిస్కవరీ ఫొటో పెట్టుకుని బ్రోషర్లు వేసుకుంటారు గానీ ఈ ఏడాది తమ దగ్గర ఏమేం పని జరిగిందో జనానికి అర్థమయ్యేలా చెప్పరు. రిపాజిటరీలో థీసిస్ పేరు ఉంటుంది, ఫైల్ ఓపెన్ అవదు, లాగిన్ అడుగుతుంది, లేదంటే పదేళ్ల ఎంబార్గో, అంటే అప్పటిదాకా ఎవరికీ చూపించరు. పబ్లిక్ డబ్బుతో రాసిన థీసిస్ పబ్లిక్‌కి కనపడకపోతే, దండగ అనేవాడికి నేను ఏం చూపించి జవాబు చెప్పాలి? ప్రతి థీసిస్‌కీ ఒక పేజీ సారాంశం, ఆ యూనివర్సిటీకి డబ్బు కట్టే జనం మాట్లాడే భాషలో, మామూలు మాటల్లో, రాసినవాళ్లే రాయాలి. అది లేనిదే డిగ్రీ ఇవ్వకూడదు. ఒక్క పేజీ రాయడానికి వారం కూడా పట్టదు. ఎడ్ కార్ల్‌సన్ లాంటివాళ్లు ఇప్పుడు వస్తే ఏ బిల్డింగ్‌కి పోవాలో చెప్పే మనిషి ఒకరు గేటు దగ్గరో వెబ్‌సైట్‌లోనో ఉండాలి, వచ్చిన ప్రశ్నలన్నీ రాసిపెట్టి ఏ డిపార్ట్‌మెంట్‌కి వెళ్లాయో ఏడాదికోసారి బయటపెట్టాలి. ఇక ఏ డిపార్ట్‌మెంట్ మూసేయాలన్నా, ముందు గత ముప్ఫై ఏళ్లలో అక్కడ వచ్చిన ప్రతి థీసిస్, ప్రతి రికార్డింగ్, ప్రతి డిక్షనరీ, ప్రతి శాంపిల్ లిస్టు బహిరంగంగా పెట్టి, ఇవి ఇకమీదట ఎవరి చేతికి వెళ్తాయో పేరుతో సహా రాసి, జనం అభ్యంతరాలు చెప్పడానికి కనీసం ఒక ఏడాది టైమ్ ఇవ్వాలి.